కబురు అందుకోవడం

మానవుడు సంఘజీవి. ఒకరి మనసులోని మాట మరొకరికి చేరడం మీదనే కుటుంబం గాని, గ్రామం గాని, రాజ్యం గాని నిలిచి ఉంటాయి. అందుచేతనే మన సాహిత్యంలో కబురు మోసినవారికి గొప్ప స్థానం లభించింది. దమయంతికి నలుని గుణగణాలను వినిపించిన హంస, అశోకవనంలో సీతకు ఉంగరం అందించిన హనుమంతుడు, కౌరవసభకు రాయబారిగా వెళ్లిన శ్రీకృష్ణుడు, కాళిదాసుని మేఘం - వీరందరి కథలనూ మనం తరగతి గదిలో శ్రద్ధతో చదువుకుంటాం. కబురు పంపడం గురించి, మోయడం గురించి ఇంతగా చెప్పుకున్న మనం, దానిని అందుకోవడమనే పనిని గురించి అంతగా ఆలోచించినట్లు కనిపించదు. అందుకోవడం కూడా ఒక విద్యయే. దానికీ నియమాలున్నాయి, ప్రమాదాలున్నాయి, ఓర్పు అవసరమున్నది. ఈ సంగతి మాకు కావ్యాలలో గాక కంప్యూటర్ ప్రయోగశాలలో బోధపడిందంటే పాఠకులకు ఆశ్చర్యం కలుగవచ్చు.

తెలుగు ఎం.ఏ. చదివి, ఛందస్సు, వ్యాకరణం బోధించే మాకు ప్రయోగశాలలో పనేమిటని అడగడం సహజమే. మన కళాశాలలో చేరే విద్యార్థులలో చాలామంది పదవ తరగతి వరకు ఉర్దూలోనో, తెలుగులోనో చదివినవారు. కంప్యూటర్ పాఠాలు మాత్రం ఇంగ్లీషులో నడుస్తాయి. ఒకనాడు కంప్యూటర్ శాఖాధ్యాపకులు మా గదికి వచ్చి, "పిల్లలు తలలు ఊపుతున్నారండీ. తీరా పరీక్ష కాగితం చూస్తే ఏమీ ఉండడం లేదు. ఆపరేటింగ్ సిస్టం పాఠంలోని మాటలకు తెలుగులోను, ఉర్దూలోను అర్థాలు రాసిపెట్టగలరా?" అని కోరారు. ఉర్దూ శాఖలోని మిత్రుడొకరు, మేము ఆ పనికి పూనుకున్నాం. వస్తువు తెలియకుండా మాటకు అర్థం రాయడం న్యాయం కాదు గనుక, ఒక సెమిస్టరు పాటు వారానికి రెండు పూటలు ప్రయోగశాలలో వెనుక బల్ల మీద విద్యార్థులతోపాటు కూర్చున్నాం. అక్కడ నేర్చుకున్న పాఠాలలో ఒకదానిని ఇక్కడ విన్నవించుకుంటాం.

కంప్యూటర్‌లో ఒకే సమయంలో అనేక ప్రోగ్రాములు నడుస్తూ ఉంటాయి. నడుస్తున్న ప్రోగ్రామును ప్రాసెస్ అంటారు. ఒక ప్రాసెస్ జ్ఞాపకంలోకి మరొక ప్రాసెస్ తొంగిచూడరాదు. ఇది ఆపరేటింగ్ సిస్టం కట్టిన గోడ. ఈ గోడ లేకపోతే ఒక ప్రోగ్రాములోని దోషం పక్కదానిని కూడా కూల్చివేస్తుంది. అయితే గోడకు ఇరువైపులా ఉన్నవారు మాట్లాడుకోక తప్పదు గదా! అందుకు కెర్నెల్, అనగా ఆపరేటింగ్ సిస్టంలోని మూలభాగం, తన అధీనంలో ఒక వరుసను ఏర్పాటు చేస్తుంది. పంపేవాడు కబురును తెచ్చి ఆ వరుసలో ఉంచి తన పని మీద తాను పోతాడు. అందుకునేవాడు తనకు వీలైనప్పుడు వచ్చి తీసుకుంటాడు. ఇద్దరూ ఒకే క్షణాన ఎదురుపడనవసరం లేదు. ఇది తపాలా కార్యాలయం వంటి ఏర్పాటు. దీనినే మెసేజ్ క్యూ అంటారు. మేము తెలుగులో "కబుర్ల వరుస" అనీ, మా మిత్రుడు ఉర్దూలో "ఖతార్" అనీ రాసుకున్నాం.

ఈ ఆలోచన నేటిది కాదు. డెన్మార్క్ దేశస్థుడైన పెర్ బ్రింక్ హాన్సెన్ ఆర్.సి. 4000 అనే యంత్రం కోసం తన సహచరులతో కలిసి నిర్మించిన వ్యవస్థలో దీనికి ప్రధాన స్థానమిచ్చాడు. 1970లో ఆయన ప్రకటించిన వ్యాసంలో నాలుగు క్రియలు కనిపిస్తాయి: కబురు పంపడం, కబురు కోసం వేచి ఉండడం, జవాబు పంపడం, జవాబు కోసం వేచి ఉండడం. నాలుగింటిలో రెండు వేచి ఉండడాలే కావడం గమనించదగిన విషయం. తరువాత 1983లో ఎ.టి. అండ్ టి. సంస్థ వెలువరించిన యూనిక్స్ సిస్టం ఫైవ్‌లో ఈ వరుసలు చోటుచేసుకున్నాయి. ఆనాటి పద్ధతే నేటి లినక్స్‌లోనూ పనిచేస్తున్నది. మన ప్రయోగశాలలో విద్యార్థులు అభ్యసించేది దానినే.

అందులో కబురు అందుకునే ఆదేశం పేరు ఎం.ఎస్.జి.ఆర్.సి.వి. మెసేజ్, రిసీవ్ అనే రెండు మాటలలోని అచ్చులన్నీ రాల్చివేయగా మిగిలిన హల్లుల మూట అది. దానిని చూచి తెలుగు మాధ్యమం నుండి వచ్చిన పిల్లలు బెదిరిపోగా, ఉర్దూ మిత్రుడు నవ్వి, "మాకిది కొత్త కాదు. మా లిపిలోనూ హ్రస్వాచ్చులు రాయకుండానే చదువుకుంటాం గదా!" అన్నారు. దానితో తరగతిలో సగం భయం పోయింది.

ఈ ఆదేశానికి ఐదు సంగతులు చెప్పాలి. ఏ వరుస నుండి తీసుకోవాలి, తెచ్చిన కబురును ఏ పాత్రలో పోయాలి, ఆ పాత్ర ఎంత పడుతుంది, ఏ రకపు కబురు కావాలి, కబురు లేకపోతే ఏమి చేయాలి - ఇవే ఆ ఐదు. మొదటి రెండూ సులభమే. తక్కిన మూడింటిలోనే విషయమంతా ఉన్నది.

ముందుగా రకం సంగతి. పంపేవాడు ప్రతి కబురు నొసటను ఒక సంఖ్య రాస్తాడు. అది సున్న కంటే పెద్దదై ఉండాలి. అందుకునేవాడు సున్న అని అడిగితే వరుసలో మొదట ఉన్నదేదైనా చేతికి వస్తుంది. 5 అని అడిగితే 5వ రకం కబుర్లలో మొదటిది వస్తుంది, దాని ముందున్నవి కదలకుండా అక్కడే ఉంటాయి. రుణసంఖ్యగా -3 అని అడిగితే, 3గాని అంతకంటే తక్కువగాని సంఖ్య గల కబుర్లలో అతి చిన్న సంఖ్య గలది ముందుగా వస్తుంది.

ఈ మూడవ నియమం పిల్లలకు కొరుకుడు పడలేదు. అప్పుడు మేము మా ఇంటి సంగతి ఒకటి చెప్పాం. మా చిన్నతనంలో, 1990ల నాటి మాట, మా మామూ బతుకుతెరువు కోసం గల్ఫ్ దేశంలో ఉండేవారు. నెలకో రెండు నెలలకో ఒక లావుపాటి కవరు వచ్చేది. అందులో నానీమాకొక ఉత్తరం, ముమానీకొకటి, పిల్లలకొకటి, బ్యాంకు డ్రాఫ్టు గురించిన చీటీ ఒకటి విడివిడిగా మడిచి ఉండేవి. నానీమాకు చదువు రాదు. కాగితాలన్నీ ముందు పరచుకుని, "మొదట వాడి ఆరోగ్యం సంగతి చదువు. తరువాత డబ్బు సంగతి. తక్కినవి రాత్రికి చూద్దాం" అనేవారు. ఆరోగ్యం ఒకటి, డబ్బు రెండు, తక్కినవి మూడు దాటిన సంఖ్యలు. నానీమా అడిగింది -2 అన్నమాట. కవరులో ఏది పైన ఉన్నదన్న దానితో ఆమెకు నిమిత్తం లేదు. ముమానీ మాత్రం తన పేరు రాసి ఉన్న కాగితం తప్ప వేరొకటి ముట్టుకునేవారు కారు. ఆమెది ధనసంఖ్య. ఏ కాగితం దొరికితే ఆ కాగితం లాక్కునే పిల్లలం మాది సున్న. ఈ ఉపమానం చెప్పిన తరువాత ఆ నియమాన్ని మళ్లీ వివరించవలసిన పని పడలేదు.

ఇంకొక భేదం కూడా విద్యార్థులు గుర్తుంచుకోవాలి. వరుస వేరు, నోటీసు బోర్డు వేరు. బోర్డు మీది ప్రకటనను ఎందరు చదివినా అది అక్కడే ఉంటుంది. వరుసలోని కబురును ఒకరు తీసుకున్నారంటే అది వరుస నుండి తొలగిపోతుంది. ఇద్దరు కాచుకుని ఉంటే ఒకరికే దక్కుతుంది. ఒకే వరుసతో పలువురికి జవాబులివ్వవలసి వచ్చినప్పుడు, అడిగినవాని ప్రాసెస్ సంఖ్యనే జవాబుకు రకంగా వేయడం వాడుక. అప్పుడు ఎవరి జవాబు వారికే చేరుతుంది.

ఇక వేచి ఉండడం సంగతి. అడిగిన రకం కబురు వరుసలో లేకపోతే ఏమవుతుంది? వేరుగా చెప్పకపోతే కెర్నెల్ ఆ ప్రాసెస్‌ను నిద్రపుచ్చుతుంది. కబురు రాగానే తట్టి లేపుతుంది. నిద్రలో ఉన్నంతసేపు అది యంత్రం కాలాన్ని ఏమాత్రం వాడుకోదు. ఐ.పి.సి. నోవెయిట్ అనే గుర్తు పెడితే మాత్రం నిద్రపుచ్చకుండా, "కబురు లేదు" అని వెంటనే తిప్పి పంపుతుంది. ఒక విద్యార్థి ఈ గుర్తు పెట్టి, క్షణక్షణమూ అడుగుతూ ఉండేటట్లు ప్రోగ్రాము రాశాడు. కొద్దిసేపట్లోనే యంత్రంలోని ఫ్యాను హోరుమనడం మొదలుపెట్టింది. వచ్చిన కబురు ఒక్కటే, తిరిగిన తిరుగుళ్లు లెక్కలేనన్ని. ఉత్తరం కోసం నిమిషానికొకసారి తపాలా కచేరీకి పరుగెత్తేవానికి ఉత్తరం ముందుగా రాదు, కాళ్లు మాత్రం నొప్పిపెడతాయి. నమ్మదగిన పిలుపుకోసం నిశ్చింతగా వేచి ఉండడం సోమరితనం కాదని యంత్రమే చెబుతున్నది. అలాగని కలకాలం వేచి ఉండడం అన్నివేళలా తగదు. 1993 నాటి పోసిక్స్ ప్రమాణంలో వచ్చిన మరొక రకపు వరుసలలో, ఫలానా సమయం వరకు మాత్రమే వేచి ఉంటానని గడువు చెప్పే వీలు నేడున్నది.

నిద్రలో ఉన్న ప్రాసెస్‌ను కబురు రాకముందే లేపే సందర్భాలు రెండున్నాయి. ఒకటి, ఎవరైనా ఆ వరుసనే తొలగించడం. అప్పుడు వేచి ఉన్నవారందరూ "వరుస లేదు" అనే సమాధానంతో మేల్కొంటారు. రెండవది, నడుమ వేరొక సంకేతం వచ్చి నిద్ర చెడడం. ఈ రెండవది వైఫల్యం కాదు. "మధ్యలో ఆటంకం కలిగింది" అని మాత్రమే దాని అర్థం. కబురు వస్తే అది వరుసలో భద్రంగానే ఉంటుంది. అయితే ఈ ఆదేశం తనంత తానుగా తిరిగి మొదలుకాదు. ప్రోగ్రాము రాసినవాడే మళ్లీ అడగాలి. ఇంటిలో పెండ్లి వలననో, జబ్బు వలననో, ఆర్థికపు ఇబ్బంది వలననో చదువు నడుమ ఆగిన పిల్లలు మన కళాశాలలో తక్కువేమీ కాదు. వారు ఈ నియమాన్ని జ్ఞాపకం పెట్టుకోవాలని మా కోరిక. ఆటంకం వేరు, ఓటమి వేరు. అయితే మళ్లీ అడగవలసినవారు మాత్రం తామే.

కబురు ఎంతకాలం భద్రంగా ఉంటుందో కూడా చూశాం. పంపిన ప్రోగ్రాము ముగిసిపోయినా కబురు పోదు. ఎవరైనా తీసుకునేవరకో, వరుసను తొలగించేవరకో, యంత్రాన్ని ఆపివేసేవరకో ఉంటుంది. ఒకనాడు ఉదయం బ్యాచి పిల్లలు పంపి మరచిపోయిన పలకరింపులు మధ్యాహ్నం బ్యాచి వారికి అందాయి. ఐ.పి.సి.ఎస్. అనే ఆదేశమిస్తే ఏ వరుసలో ఎన్ని కబుర్లు మిగిలి ఉన్నాయో తెర మీద కనబడుతుంది. పని ముగిసిన తరువాత వరుసను తొలగించి వెళ్లడం మర్యాద అని అధ్యాపకులు చెప్పిన మాట మంచి సంసారి చెప్పవలసిన మాటవలె ఉన్నది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాం. అది పాత్ర పరిమాణం సంగతి. అందుకునేవాడు తన పాత్ర ఇన్ని బైట్లు పడుతుందని ముందుగా చెప్పాలి. వచ్చిన కబురు అంతకంటే పెద్దదైతే కెర్నెల్ "ఇది నీ పాత్రలో పట్టదు" అని దోషం చూపుతుంది. కబురును మాత్రం చెడగొట్టదు. అది వరుసలోనే ఉంటుంది. పెద్ద పాత్ర తెచ్చుకుని మళ్లీ అడిగితే పూర్తిగా దొరుకుతుంది. అయితే ఎం.ఎస్.జి. నోఎర్రర్ అని ఒక గుర్తున్నది. "దోషమని చెప్పవద్దు, పట్టినంత పోయి" అని దాని భావం. అది పెడితే పట్టినంత భాగం పాత్రలో పడుతుంది. మిగిలినది శాశ్వతంగా పోతుంది. ఎక్కడా ఫిర్యాదు ఉండదు. అంతా సవ్యంగా జరిగినట్లే కనిపిస్తుంది.

ఆనాటి అభ్యాసంలో పాత్రకు 10 బైట్లు ఇచ్చి, ఈ గుర్తు పెట్టి ఉంచారు. ఒకే బల్ల మీద ఇద్దరు విద్యార్థినులు కూర్చున్నారు. ఒకామె ఉర్దూ మాధ్యమం నుండి వచ్చినది. ఆమె "ఖబర్" అని ఉర్దూ లిపిలో రాసి పంపింది. చక్కగా అందింది. రెండవ ఆమె తెలుగు మాధ్యమం నుండి వచ్చినది. ఆమె "కబురు" అని తెలుగులో రాసి పంపింది. తెర మీద "కబు" అని వచ్చి, ఆ పక్కన అక్షరం కాని ఏదో గుర్తు కనబడింది. ఈ రెండవ విద్యార్థిని అప్పటికే కోర్సు మార్పించుకోవడానికి ఆఫీసులో కాగితం అడిగి ఉన్నదని మాకు తెలుసు. ఆమె తెరవంక చూస్తూ, "చూశారా సార్, నేను తెలుగులో రాస్తే యంత్రానికి కూడా ఎక్కడం లేదు. నాకు ఇంగ్లీషు ఎక్కనట్లే దానికి నేను ఎక్కను" అన్నది. నవ్వుతూనే అన్నది గాని, ఆ నవ్వు మాకు నచ్చలేదు.

అధ్యాపకులు నల్లబల్ల మీద లెక్క వేసి చూపారు. నేడు విరివిగా వాడే యు.టి.ఎఫ్.-8 పద్ధతిలో ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు, ఉర్దూ అక్షరానికి రెండు, తెలుగు గుర్తుకు మూడు బైట్లు పడతాయి. ఉర్దూలో ఖబర్ అనే మాటకు అక్షరాలు మూడు, బైట్లు 6. తెలుగులో కబురు అనే మాటకు క, బ, ఉకారం, ర, ఉకారం అని ఐదు గుర్తులు, బైట్లు 15. పది బైట్ల పాత్రలో మూడు గుర్తులకు తొమ్మిది పోగా, నాల్గవ గుర్తులో మూడవ వంతు మాత్రమే పడింది. ఆ విరిగిన ముక్కే తెర మీద వింతగుర్తుగా కనబడింది. యంత్రానికి తెలుగు రాకపోలేదు. పాత్ర చిన్నదైనది, అంతే.

మేము అక్కడొక మాట కలిపాం. తెలుగువారి కబురు అనే మాట అరబ్బీ ఖబర్ నుండి ఉర్దూ ద్వారా వచ్చినదే. ఒకే మాట రెండు లిపులలో రెండు కొలతలు పొందింది. అది మాట తప్పు కాదు, లిపి తప్పు కాదు. ఇంగ్లీషు అక్షరాలను మనసులో పెట్టుకుని పాత్రను కొలిచినవారు మిగిలిన లిపులకు తగినంత చోటు చూడాలి. ఆ విద్యార్థిని పాత్రను 64 బైట్లు చేసి, నోఎర్రర్ గుర్తును తీసివేసి, తన ఊరి పేరుతో ఒక పూర్తి వాక్యం పంపింది. ఒక్క అక్షరం చెడకుండా వచ్చింది. తరువాత ఆమె కావాలని పాత్రను మళ్లీ 10కి తగ్గించి చూసింది. ఈసారి యంత్రం దోషం చూపింది. పాత్ర పెంచగానే అదే వాక్యం వరుస నుండి క్షేమంగా వచ్చింది. "అయితే పట్టలేదని చెబితేనే మంచిది కదా సార్" అన్నది. మేము అర్థాలు రాసిన పుస్తకంలో ఇంతకంటే మంచి వాక్యం లేదు.

మన తరగతి గదులలో జరుగుతున్నది ఇదేనని మాకు తోచింది. అధ్యాపకుడు గంటసేపు ఇంగ్లీషులో చెబుతాడు. వెనుక బల్లలవారు పట్టినంత పట్టుకుని తల ఊపుతారు. తల ఊపడమే నోఎర్రర్ గుర్తు. ఎక్కడా ఫిర్యాదు లేదు. పాఠం సగంలో, ఒక్కొక్కసారి అక్షరం నడుమ, విరిగిపోతుంది. మిగిలినది మళ్లీ దొరకదు. పరీక్ష కాగితం మీద ఆ విరిగిన ముక్కలే వింతగుర్తులుగా కనబడతాయి. అప్పుడు మనం ఆ పిల్లకు తెలివి లేదంటాం.

కాబట్టి కళాశాల కమిటీ పెద్దలకు మా విన్నపం ఒకటున్నది. తెలుగు, ఉర్దూ మాటల పట్టిక ఒకటి ఇప్పుడు చేతిరాతలో సిద్ధంగా ఉన్నది. అది అచ్చు కావాలి. ప్రతి కంప్యూటర్ పాఠానికి ముందు ఒక్క గంట మాతృభాషలో చెప్పే ఏర్పాటు కావాలి. దీనికి పెద్ద ఖర్చు లేదు. ఇంగ్లీషు వద్దని మేము అనడం లేదు. ఉద్యోగానికి అది కావలసిందే. ఇంగ్లీషులో వచ్చే కబురు పట్టేంత పాత్రను ముందుగా మాతృభాషలో సిద్ధం చేయమని మాత్రమే అడుగుతున్నాం.

విద్యార్థినీ విద్యార్థులారా! మీకు చెప్పదలచినది అంతకంటే చిన్నది. అర్థం కానప్పుడు తల ఊపకండి. "పట్టలేదు సార్" అని చెప్పండి. అలా చెప్పినంత మాత్రాన పాఠం ఎక్కడికీ పోదు, వరుసలోనే ఉంటుంది. మళ్లీ అడిగిన వానికి పూర్తిగా దొరుకుతుంది. కోర్సు మార్పు కాగితం అడిగిన ఆ విద్యార్థిని తరువాత దానికోసం ఆఫీసుకు వెళ్లలేదు. ఆపరేటింగ్ సిస్టం పరీక్ష రాసింది. ఫలితాలు ఇంకా రావలసి ఉన్నవి.